ఓడక్కూడా అన్నీ ‘హై’ ప్రయారిటీయే!

పోయినేడాది మా ప్రాజెక్టుకి ఒక రిక్వైర్‌మెంట్ల షీటు వచ్చింది. నూట పాతిక వరసలు. చివర్లో ‘ప్రయారిటీ’ అని ఒక కాలమ్. అందులో నూట పది ‘హై’, పదమూడు ‘వెరీ హై’. మిగిలిన రెండూ ఖాళీ, ఎవరో నింపడం మర్చిపోయారు :). ఆ రెండిటినీ ‘మీడియం’ అనుకుని పనిలోకి దిగిపోయాం. తర్వాత ఏమైందో మీకు విడిగా చెప్పక్కర్లేదు. మీరూ ఇలాంటి ప్రాజెక్టులు చేసినవాళ్ళే కదా!

ఆ షీటు మళ్ళీ గుర్తొచ్చింది ఒక ఓడ గురించి చదువుతుంటే. 2024 జులైలో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌యార్డుతో ఒప్పందం చేసుకుంది. సుమారు 840 కోట్ల రూపాయలతో, దాదాపు 90 మీటర్ల పొడవున్న పరిశోధన నౌక కట్టడానికి. ఇంతకు ముందు ఇలాంటి పెద్ద ఓడలు కొన్ని మనం బయట కట్టించుకున్నాం. సాగర్ కన్య 1983లో జర్మనీలో, సాగర్ సంపద 1984లో డెన్మార్క్‌లో, 2008లో వచ్చిన సాగర్ నిధి ఇటలీలో కట్టినవి. మనం రెండు వారాలకో రిలీజు ఇస్తాం. తప్పొస్తే రాత్రికి రాత్రి ప్యాచ్ వేస్తాం. వీళ్ళది ముప్ఫై, నలభై ఏళ్ళకో రిలీజు. కట్టేశాక ఓడ వెడల్పు ఇంకో రెండు మీటర్లు పెంచుతామంటే కుదరదు.

మరి ఆ ఓడకి రిక్వైర్‌మెంట్లు ఎవరు రాస్తారు? ఎలా రాస్తారు? కోనసీమవాణ్ణి, సముద్రం పక్కనే పెరిగినా ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. కుతూహలం కొద్దీ ఆఫీసు పని పక్కన పడేసి ఒక వారం చదివాను (మేనేజరు చూస్తే నవ్వేసి ఊరుకుంటాడని ఆశ).

చదివితే తెలిసిందేమిటంటే, అక్కడా మన షీటే. చేపల మీద పరిశోధన చేసేవాళ్ళకి ఓడ చప్పుడు చెయ్యకూడదు. ఇంజను మోత వింటే చేపలు పక్కకి తప్పుకుంటాయి, లెక్క తప్పుతుంది. అందుకే ఓడ నీళ్ళలోకి ఎంత శబ్దం వదలొచ్చో 1995లోనే అంతర్జాతీయంగా ఒక ప్రమాణం రాసుకున్నారు. ఆ ప్రమాణం అందుకోవాలంటే జనరేటర్లని కంపనం ఓడకి అంటకుండా ప్రత్యేకంగా అమర్చాలి, ప్రొపెల్లర్ని కరెంటు మోటారుతో తిప్పాలి. ఖర్చు. ఇంకో గుంపుకేమో నడిసముద్రంలో లంగరు వెయ్యకుండా ఓడ ఒకేచోట కదలకుండా నిలబడాలి. దానికి పక్కలకి తోసే ప్రొపెల్లర్లు అస్తమానం తిరుగుతూ ఉండాలి. అంటే మళ్ళీ మోత!

అడుగున సోనార్ పెట్టి సముద్రగర్భం పటం గీసేవాళ్ళ గోల వేరు. ఓడ ముక్కు నీళ్ళని కోసుకుపోతుంటే గాలి బుడగలు అడుగుకి జారతాయి. బుడగల్లోంచి సోనార్ సరిగా వినపడదు. సోనార్ని ఇంకా కిందికి వేలాడదీస్తే బాగుంటుంది కానీ అప్పుడు ఓడకి ఇంకా లోతు నీళ్ళు కావాలి. రసాయన శాస్త్రజ్ఞులదైతే నాకు భలే నచ్చింది. సముద్రపు నీళ్ళలో ఇనుము ఏ కాస్తో ఉంటే, దాన్ని కొలవాలి వాళ్ళు, ఇనప ఓడ మీద కూర్చుని! వాళ్ళకి ఇనుము తగలని తాళ్ళు, ఇనుము తగలని గది కావాలి. భూగర్భం వాళ్ళకి బురద కడ్డీలు పైకి లాగే పెద్ద వించి, ఖాళీ డెక్కు కావాలి. వాతావరణం వాళ్ళకి పొగ తగలని స్తంభం కావాలి. అందరికీ పడుకోడానికి మంచం కావాలి. డెక్కు పెంచితే గదులు తగ్గుతాయి, గదులు పెంచితే ల్యాబు తగ్గుతుంది. అన్నీ పెంచితే ఓడ పెరుగుతుంది, దాంతో డీజిలు బిల్లూ పెరుగుతుంది. బిల్లు కట్టలేకపోతే ఓడ రేవులోనే కూర్చుంటుంది.

అమెరికాలో విశ్వవిద్యాలయాల ఓడల సంఘం ఒకటుంది, యునోల్స్ అని. వాళ్ళు బొమ్మ గీసే ముందే శాస్త్రజ్ఞుల్ని అడిగి ‘ఈ ఓడ చెయ్యాల్సిన పనేమిటి’ అని ఒక పత్రం రాసుకుంటారు. పని ముందు, కొలతలు తర్వాత. మనం ‘మైక్రోసర్వీసులు వాడదాం, ఇంతకీ కస్టమరుకేం కావాలి?’ అని అడుగుతాం చూడండి, దానికి సరిగ్గా తలకిందులు.

ఇక మా కోనసీమ సంగతికొస్తాను. మా తీరానికి ఎదురుగా ఉన్న కృష్ణా గోదావరి బేసిన్ గురించి మీరు గ్యాస్ వార్తల్లో వినే ఉంటారు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే అమెరికా డ్రిల్లింగు ఓడ వచ్చి ఇక్కడ సముద్రగర్భాన్ని తవ్వింది. ఒకచోట సుమారు 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ ఉన్న పొర బయటపడింది. గ్యాస్ హైడ్రేట్ అంటే మీథేన్‌ని లోపల బంధించుకున్న మంచుగడ్డ లాంటిది. 2015లో జపాన్ వాళ్ళ చిక్యూ వచ్చి మళ్ళీ తవ్వింది. చిక్యూ పొడవు 210 మీటర్లు. రెండూ మనవి కావు, తెప్పించుకున్నవే.

మొదట నాకు రోషం వచ్చింది. మన గుమ్మం ముందు తవ్వడానికి మనకో ఓడ లేదా అని. తర్వాత ఆలోచిస్తే అది తెలివైన పనే అనిపించింది. తొమ్మిదేళ్ళకోసారి పడే పనికి సొంత డ్రిల్లింగు ఓడ కొనుక్కుని ఏడాది పొడుగునా మేపడం ఎందుకు? ఏడాదికోసారి వచ్చే సేల్ కోసం వంద సర్వర్లు కొని పెట్టుకోం కదా, ఆ నాలుగు రోజులకీ అద్దెకి తీసుకుంటాం.

అద్దెకి దొరకనిదీ, మాటిమాటికీ కావలసిందీ ఇంకొకటుంది. బోయాలు. నడిసముద్రంలో లంగరేసి తేలేట్టు కట్టిన పసుప్పచ్చ పరికరాలు. ఉపగ్రహం పైనుంచి మేఘాన్ని చూస్తుంది. బోయా అక్కడే కూర్చుని గాలి, పీడనం, అలల ఎత్తు, అడుగున నీళ్ళ వేడి కొలిచి పంపిస్తుంది. తుపాను బలపడేది ఆ వేడి తాగే. చెన్నైలోని ఎన్ఐఓటీ వీటిని చూసుకుంటుంది. ఆ డేటా వచ్చే ఆఫీసుల్లో ఒకటి ఇన్‌కాయిస్, అది ఎక్కడుందో తెలుసా? సముద్రమే లేని మన హైదరాబాదులో, ప్రగతినగర్‌లో :). అయితే బోయాకి బ్యాటరీ అయిపోతుంది, సెన్సారుకి పాచి పడుతుంది, లంగరు తెగుతుంది. ఓడ వెళ్ళి పైకి తీసి, బాగుచేసి, మళ్ళీ దింపాలి. దీనికి కావలసింది గట్టి క్రేను, తడి డెక్కు మీద మనుషులు, అన్నిటికన్నా ముఖ్యంగా ఓడ ఖాళీగా ఉన్న రోజులు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా మీద పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళ పేర్లు చెప్తే మా మామ్మ ఇప్పటికీ మాట ఆపేస్తుంది. లక్షల కొబ్బరిచెట్లు పోయాయి. నేను పుట్టింది ఆ మరుసటేడు. మా ఇంట్లో ఏ సంగతైనా ‘తుపానుకి ముందా, తర్వాతా’ అనే అడుగుతారు. మన బోయాల కార్యక్రమం మొదలైందీ ఆ ఏడే, మొదటి బోయాలు నీళ్ళలో దిగింది 1997లో. అంటే ఆ రాత్రికి మా ఎదురుగా ఉన్న సముద్రంలో కొలిచి చెప్పే బోయా ఒక్కటీ లేదన్నమాట.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఓడలరేవు వెళ్ళాను. మా నాన్నకి తెలిసినాయన ఒకాయన ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఒకప్పుడు కాకినాడ సోనా బోట్లలో పనిచేశాడు. బోయాల గురించి అడిగాను.

“ఆయ్, చూశానండి బాబూ. పసుప్పచ్చగా ఉంటాది. దాని కింద చేపలు గుమిగూడతాయండి. బోటు దానికే కట్టేసి వేటాడుకునేవోళ్ళం.”

“కడితే పాడైపోదా బాబాయ్?”

“గవర్నమెంటోళ్ళ డబ్బా ఏదో అనుకున్నావండి. తుపాను కబురు అందులోంచొత్తాదని మాకేం తెలుత్తాదండి?”

నీళ్ళలో ఏది తేలినా దాని నీడకి చేపలు చేరతాయి. జాలరి అక్కడికే వెళ్తాడు. తాడు లాగుడుకి పరికరం విరుగుతుంది, ఓడ మళ్ళీ బయల్దేరాలి. మత్స్యకారుల ఊళ్ళలో దీని మీద అవగాహన సభలు పెడుతున్నారని తర్వాత చదివాను. మంచిదే. కానీ అసలు యూజరు, రిక్వైర్‌మెంట్ల గదిలో ఎప్పుడూ కూర్చోని యూజరు, ఈయనే కదా అనిపించింది. ఆయన్ని ముందే అడిగుంటే ఒక్క ముక్కలో చెప్పేవాడు, ‘అక్కడ చేపలుంటాయండి, మేం రాకుండా ఉండం’ అని.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ఎప్పుడో ఒకసారి కావలసినవి గట్టిగా అరుస్తాయి. ఆరువేల మీటర్ల లోతు, మంచుని చీల్చే ముక్కు, డ్రిల్లింగు.. పేపర్లో ఫొటో పడేవి. మాటిమాటికీ కావలసినవి నోరెత్తవు. కొత్త ఓడకి లోతు పనులు వద్దని నేననను, ఆ శాస్త్రం మనకి కావాలి. 2021 జనవరిలో చెన్నైలో జాతికి అంకితం చేసిన సాగర్ అన్వేషిక లాంటి చిన్న ఓడలు తీరం పనులు చూసుకుంటున్నాయి కూడా. నేననేది ఒక్కటే. పెద్ద ఓడ క్యాలెండర్లో బోయాల రోజులు ముందు రాసి, మిగిలిన రోజులు మిగతావాళ్ళకి పంచాలి. మిగిలితే బోయాలకి ఇద్దాంలే అంటే ఎప్పటికీ మిగలదు. మన ప్రాజెక్టుల్లో టెస్టింగుకి ఎప్పుడైనా టైము మిగిలిందా?

మా టీములో ఈమధ్య కొత్త షీటు వచ్చింది. ప్రయారిటీ కాలమ్ తీసేసి ‘ఇది ఎన్నాళ్ళకోసారి కావాలి?’, ‘లేకపోతే ఎవరికి నష్టం?’ అని రెండు కాలమ్‌లు పెట్టాను. మొదటి మీటింగులో గంటన్నర గొడవ అయ్యింది. రెండో కాలమ్‌లో చాలా వరసలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఈసారి ఎవరూ మర్చిపోయి వదిలెయ్యలేదు. రాయడానికి వాళ్ళకి ఏమీ దొరకలేదు, అంతే.