అక్క భుజాన మాట్లాడే పెట్టె

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళు నయాగరా గురించో, లిబర్టీ విగ్రహం గురించో చెబుతారు. నేను ఆ రెండూ చూడలేదు. 2019లో మూడు నెలలు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో మా పెద్దమ్మ కూతురి దగ్గర ఉండి వచ్చాను. అక్కడి నుంచి బర్కిలీ దాకా చేసిన ఒక రోజు ప్రయాణమే నాకు పెద్ద యాత్ర. మా అక్కకి చూపు లేదు. అయినా ఆ రోజు దారి చూపింది అక్కే, వెంట నడిచింది నేను.

చిన్నప్పుడు తెనాలిలో దీపాలు పెట్టే వేళకి అక్క వాకిట్లో తడుముకునేది. రేచీకటి అన్నారు, కారెట్లు తినిపించారు. అసలు జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసా అని తర్వాతెప్పుడో తేలింది. ముందు రాత్రి చూపు పోయింది, తర్వాత పక్క చూపు తగ్గుతూ వచ్చి బొంగులోంచి చూసినట్టయింది, నలభై దాటాక అదీ పోయింది. బావగారు ఆల్బనీలో రాష్ట్ర ప్రభుత్వం వారు చూపు లేనివారికి నడిపే శిక్షణ కేంద్రంలో చేర్పించారు. అక్కడ తెల్లకర్రతో నడవడం, వంట చేసుకోవడం, రైలెక్కడం అన్నీ నేర్చుకుంది. నేను వెళ్ళేసరికి పులిహోర పోపు నాకన్నా బాగా వేస్తోంది!

కానీ ఇల్లు కదలడం మానేసింది.

కారణం ఒక చిన్న పెట్టె. అరచేతిలో పట్టేంత ఉంటుంది, పాత సెల్‌ఫోన్‌లా బటన్లుంటాయి. దాన్ని జి.పి.ఎస్. రిసీవర్ అంటారు. ఇప్పుడు మన ఆటో అబ్బాయిల ఫోన్లలో కూడా జి.పి.ఎస్. ఉంది కాబట్టి మీకు కొత్త కాదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను పట్టుకుని, కనీసం నాలుగింటి లెక్క కలిపి మనం ఎక్కడున్నామో చెబుతుంది. చూపు లేనివారి కోసం చేసిన పెట్టె అయితే పైకి మాట్లాడుతుంది. ఇప్పుడున్నది ఫలానా వీధి, ముందు వచ్చేది ఫలానా వీధి అని. కెనడా వాళ్ళు 2003లో ట్రెకర్ అని, 2008లో ట్రెకర్ బ్రీజ్ అని, 2017లో విక్టర్ రీడర్ ట్రెక్ అని ఇలాంటివి తెచ్చారు. అంతకుముందు 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాల్లో కావాలనే తేడా పెట్టేదట, వంద మీటర్ల దాకా. అంటే మన ఇంటిని పక్క వీధిలో చూపించినట్టే. ఆ తేడా తీసేశాకే ఇలాంటివాటికి దశ తిరిగింది. ఇప్పటికీ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. గుంత ఉందనీ, స్తంభం ఉందనీ, కారు వస్తోందనీ చెప్పదు. అవన్నీ కర్రతోనూ, చెవులతోనూ తెలుసుకోవాల్సిందే.

మరి ఏమైందంటే, ఎక్కడో కొన్న ఒక క్లిప్పుతో అక్క ఆ పెట్టెని కుర్తీ మెడకి తగిలించుకునేది. మౌరీ అవెన్యూ అని వాళ్ళ ఊళ్ళో వెడల్పాటి రోడ్డు. నడిమధ్యకొచ్చేసరికి కర్ర దేనికో తగిలి చెయ్యి జారింది. వంగి కర్ర అందుకుంది, ఆ వంగడంలో పెట్టె ఊడిపడింది. ‘రోడ్డు మీద పడి కూడా వీధి పేరు చెబుతూనే ఉందే’ అంది నాతో. ఆ గొంతు వెతుక్కుంటూ అక్క మోకాళ్ళ మీద కూర్చుంది. ఈలోగా సిగ్నల్ మారిపోయింది. ఎవరో ఒకాయన కారు దిగి వచ్చి చెయ్యి పట్టుకుని ఒడ్డుకి చేర్చాడు, పెట్టె కూడా తెచ్చిచ్చాడు. ఆ రాత్రి బావగారు, ‘ఇక ఒంటరిగా వద్దు, ఎక్కడికైనా శనివారం నేను తీసుకెళ్తాను’ అన్నారు. ఆయన భయం ఆయనది, తప్పు పట్టలేం. కానీ వారంలో ఆరు రోజులు గోడలు చూస్తూ, చూడటం కూడా లేదనుకోండి, కూర్చోవడం ఎలా ఉంటుంది?

నేను వెళ్ళిన వారానికి ఈ కథంతా చెప్పింది. చెప్పి, ‘నీకు కుట్టు వచ్చుగా’ అంది.

ఏముంది, ఒక సంచి కుట్టి మెడలో వేస్తే సరి అనుకున్నాను. కుట్టడం మొదలుపెట్టాక తెలిసింది అందులో ఉన్న చిక్కు. హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే మాట వినపడదు, పైగా ఆకాశం కనపడాలి దానికి. నడుముకి కట్టుకుంటే మన ఒళ్ళే అడ్డం, ఒంట్లో నీరుంటుంది కాబట్టి సంకేతాలు సరిగ్గా దాటి రావట. మెడలో వేలాడదీస్తే అడుగడుక్కీ ఊగి గుండెల మీద కొడుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకోకూడదా అంటే, ‘చెవులు మూసుకుంటే కార్లు ఎలా వినపడతాయే’ అని నవ్వింది. జేబులో వేసుకుందామా, ఆడవాళ్ళ బట్టలకి జేబులెక్కడివి? మగవాళ్ళ చొక్కాకి గుండె మీద జేబు ఉచితం, మనకి అడిగినా టైలరు కుట్టడు.

అక్క తేల్చిన చోటు ఎడమ భుజం ముందు వైపు, మెడ ఎముకకి కాస్త కింద. కుడి చెయ్యి కర్రకి కావాలి కదా. అక్కడ పెడితే ఆకాశం కనపడుతుంది, చెవికి దగ్గర, ఎడం చేత్తో బటన్లు నొక్కొచ్చు.

నేను ఇక్కడి నుంచి పట్టు ముక్కలు తీసుకెళ్ళాను, జరీ అంచుతో అందంగా మొదటి సంచి కుట్టాను. అక్క తడిమి చూసి, ‘జరీనా? అందులో లోహం ఉంటే అడ్డం. అనుమానం ఎందుకు, తీసెయ్’ అంది. నాకు కొంచెం చిన్నతనం అనిపించినా విప్పేశాను. రెండోది బావగారి పాత జీన్సు ప్యాంటు కాలు. పెట్టెకన్నా అన్ని వైపులా అరంగుళం ఎక్కువ కత్తిరించాను. బటన్ల మీదకి పలచటి కాటన్, మాట వచ్చే చోట దోమతెర ముక్క. పైన మూతకి ప్లాస్టిక్ గుండీ, దారంతో అల్లిన కాజా. ఈ సంచిని నవారులాంటి గట్టి పట్టీకి కుట్టేశాను. ఎడమ భుజం మీంచి కుడి చంక కిందికి జంధ్యంలా వస్తుంది.

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. పట్టీ ఎంత గట్టిగా ఉంటే పెట్టె అంత భద్రం. కానీ రైలు తలుపులోనో, ఎవరి సంచికో పట్టీ చిక్కుకుంటే మనిషిని లాగేస్తుంది. అప్పుడు పట్టీ ఊడాలి. పట్టీ ఊడినా పెట్టె పడకూడదు! రెండు రోజులు ఆలోచించాం. చివరికి చంక కింద పట్టీని కుట్టకుండా వెల్క్రోతో అతికించాను, గట్టిగా లాగితే విడిపోతుంది. సంచి వెనక గుడ్డ ఉంగరం కుట్టి, దాన్ని కుర్తీ భుజానికి లోపలి నుంచి పిన్నీసుతో బిగించాను. పట్టీ పోయినా సంచి భుజాన్నే ఉంటుంది. పిన్నీసు కిందనే ఉంటుంది కాబట్టి ఆకాశానికి అడ్డం రాదంది అక్క. చున్నీ మాత్రం పూర్తిగా మానేయాలి. కర్రకీ చుట్టుకుంటుంది, పట్టీకీ చుట్టుకుంటుంది.

బావగారిని పిలిచి హాల్లోనే పరీక్ష పెట్టాం. ఆయన పట్టీ పట్టుకుని లాగారు, వెల్క్రో చర్రుమని ఊడింది, పెట్టె కదల్లేదు. అక్కని నాలుగుసార్లు వంగమన్నారు, గంతులు వెయ్యమన్నారు. అయినా మనసొప్పక, ‘చెల్లాయి కూడా వెళ్తేనే’ అన్నారు.

అలా ఒక మంగళవారం ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కాం. ఓక్లాండ్ దగ్గర రైలు భూమిలోకి దూరగానే పెట్టెకి ఉపగ్రహాలు అందలేదు. నాకు కంగారు. అక్క స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ తాపీగా కూర్చుంది. శిక్షణకి వెళ్ళినప్పుడు రోజూ ఎక్కిన రైలే అది.

యాష్‌బీ స్టేషన్‌లో దిగాం. దాన్ని ఆనుకునే ఎడ్ రాబర్ట్స్ క్యాంపస్ అని ఒక భవనం ఉంది, 2010లో తెరిచారు. పద్నాలుగో ఏట పోలియో వచ్చి, ఊపిరికి కూడా యంత్రం కావాల్సిన ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్కిలీ యూనివర్సిటీలో చేరి చదువుకున్నారు. వికలాంగులు తమ బతుకు తామే నడుపుకోవాలని ఆయనా, ఆయన తోటివాళ్ళూ పోరాడారు. 1972లో ఇదే ఊళ్ళో అందుకోసం ఒక కేంద్రం వెలిసింది. భవనం మధ్యలో ఎర్రటి ఏటవాలు దారి గుండ్రంగా చుట్టుకుంటూ మేడ మీదకి వెళుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళూ, నాలాంటి వాళ్ళూ అందరం అదే దారిలో ఎక్కాం. మెట్లెక్కే వాళ్ళకి ఒక దారి, ఎక్కలేని వాళ్ళకి వెనక దారి అన్నట్టు కాదు.

బయట అడెలిన్ వీధిలోకి వచ్చాక అక్క కదలకుండా నిలబడింది. నేను మోచెయ్యి పట్టి లాగబోయాను. ‘ఆగవే, పైవాటిని దొరకనీ’ అంది. రెండు మూడు నిమిషాలకి భుజం మాట్లాడింది. అక్క నా చెయ్యి తీసి తన మోచేతి మీద పెట్టుకుంది. యాష్‌బీ అవెన్యూ దగ్గర నిలబడి, మన పక్కన వెళ్ళే కార్లు కదిలిన చప్పుడు విని అప్పుడు దాటింది. తర్వాత రస్సెల్ వీధి. ఆరెగన్ వీధి పేరు పెట్టె కాస్త ముందే చెప్పేసింది. అక్క నమ్మకుండా కర్రతో పేవ్‌మెంటు వాలు దొరికేదాకా నడిచి అప్పుడు కుడికి తిరిగింది. నేను ఒక్క బోర్డూ చదవలేదంటే నమ్ముతారా? చూపున్నదాన్ని నేనే దారి తప్పేదాన్ని.

వెళ్ళింది బర్కిలీ బౌల్ అనే కూరల దుకాణానికి. మొదట పాత బౌలింగ్ ఆటశాలలో పెట్టారట, అందుకే ఆ పేరు. ఎన్ని రకాల వంకాయలో! అక్క వాసన చూసీ, తడిమీ ఏరింది. కింది బుట్టలోని కాకరకాయల కోసం నడుం వంచినప్పుడు నా గుండె ఆగింది. సంచి భుజాన్ని అంటుకునే ఉంది.

ఇంటికి వచ్చి గుత్తి వంకాయ చేసింది. బావగారు రెండోసారి వడ్డించుకుంటూ ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం అక్క ఒక్కతే లైబ్రరీకి వెళ్ళింది. ఆయన ఆఫీసు నుంచి నాలుగుసార్లు ఫోను చేశారు, నాకు.

ఈ మధ్య చాలామంది విడిగా పెట్టె కొనకుండా ఫోనులోనే ఇదంతా పెట్టుకుంటున్నారు. అక్క కూడా కొంత ఫోనుకి అలవాటు పడింది. ఫోనైనా ఎక్కడో ఒకచోట తగిలించుకోవాల్సిందే కదా. మొన్న మాట్లాడుతూ వెల్క్రోలో పోగులు చేరి పట్టు తగ్గిందనీ, ఈసారి సంచి పొడవు అంగుళంన్నర పెంచి ఇంకో రెండు కుట్టి పంపమనీ చెప్పింది. మా అబ్బాయి పాత జీన్సు ఉతికి ఆరేశాను.