లాటరీ టికెట్టు ఖరీదెంత?

2025 అక్టోబర్ 18న యూఏఈ లాటరీలో మన తెలుగు కుర్రాడొకడికి పది కోట్ల దిర్హాములు తగిలాయి. మన డబ్బుల్లో దాదాపు 240 కోట్లు. కుర్రాడి వయసు 29. 2024 డిసెంబర్లో మొదలైన ఆ ఆటలో అంత పెద్ద బహుమతి కొట్టిన మొదటి మనిషి అతనే. ఇంకేముంది, ఆ వారమంతా దిల్‌సుఖ్‌నగర్ టీ కొట్ల దగ్గరా, ఎల్బీనగర్ మెట్రోలోనూ, ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే గోల. అంకెలన్నీ కంప్యూటర్నే ఎంచుకోమని, ఆఖరిది మాత్రం వాళ్ళమ్మ పుట్టినరోజు తలుచుకుని 11 పెట్టాడట. దాంతో మావాళ్ళు కొందరు ఎవరి అమ్మ ఏ నెలలో పుట్టిందో ఆరా తీసే పనిలో పడ్డారు.

అమ్మ మీద ప్రేమ మంచిదే గానీ, అది లెక్కని మార్చదు. లెక్క ఏమిటో ఓసారి చూద్దాం. ఎలాగూ రోజంతా చేసేది అదే పని కదా.

అప్పట్లో ఆ ఆట ఇలా ఉండేది. 1 నుంచి 31 దాకా ఉన్న అంకెల్లో ఆరు ఎంచుకోవాలి. నెలల కింద 1 నుంచి 12 దాకా ఉన్నవాటిలో ఒకటి. 31లోంచి ఆరింటిని ఎన్ని రకాలుగా తీయొచ్చు? 7,36,281 రకాలుగా. దాన్ని 12తో హెచ్చవేస్తే 88,35,372. అంటే ఒక్క టికెట్టుకి మొదటి బహుమతి వచ్చే అవకాశం 88 లక్షల్లో ఒకటి.

88 లక్షలంటే మన బుర్రకి ఎక్కదు. నాకూ ఎక్కదు. కాబట్టి రూపాయి బిళ్ళల్లో చెప్పుకుందాం. 2019లో వచ్చిన కొత్త రూపాయి బిళ్ళ అడ్డంగా 20 మిల్లీమీటర్లు. ఎల్బీనగర్ చౌరస్తాలో మొదలుపెట్టి, విజయవాడ రోడ్డు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే 88 లక్షల బిళ్ళలు 176 కిలోమీటర్లు వస్తాయి. హయత్‌నగర్, చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట అన్నీ దాటి కోదాడ దాకా. అందులో ఒక్క బిళ్ళకి అడుగున ఎర్ర చుక్క పెట్టారు. మీరు బస్సెక్కి, ఎక్కడో ఒకచోట దిగి, ఒకే ఒక్క బిళ్ళ తిప్పి చూడొచ్చు. అదీ లాటరీ.

అమెరికాలో మన ఫ్రెండ్స్ ఆఫీసులో తలా రెండు డాలర్లు వేసుకుని కొనే పవర్‌బాల్ ఇంకా ఘోరం. 69లో 5, ఆపైన 26లో 1. మొత్తం 29,22,01,338. ఈ బిళ్ళలు పేరిస్తే కోదాడ దగ్గర ఆగవు, 5,800 కిలోమీటర్లు పోతాయి.

ఇక పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతోందా అన్నది ఇంకో లెక్క. అప్పట్లో యూఏఈ టికెట్టు ధర 50 దిర్హాములు. పది కోట్లని 88.35 లక్షలతో భాగిస్తే 11 దిర్హాముల చిల్లర. చిన్నాచితకా బహుమతుల వాటా కొంత ఉంటుంది గానీ, పెద్ద బహుమతి పేరు చెప్పి అమ్మిన 50 దిర్హాముల టికెట్టులో ఆ పెద్ద బహుమతి విలువ 11 దిర్హాములన్నమాట.

అన్నట్టు లాటరీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పైన చెప్పినట్టు అంకెలు ఎంచుకునేది. ఇందులో ఎంతమంది ఆడినా మీ అవకాశం మారదు. ఒక్కోసారి అసలెవరికీ రాకపోవచ్చు కూడా. రెండోది చీటీలు కలిపి తీసేది. ఇందులో ఎన్ని చీటీలుంటే మీ అవకాశం అంత పల్చబడుతుంది. కేరళ ప్రభుత్వం 1967 నుంచి నడుపుతున్న లాటరీ ఈ రెండో రకం. 2022 ఓణం బంపర్లో 500 రూపాయల టికెట్టుకి 25 కోట్లు తిరువనంతపురం ఆటో డ్రైవర్‌కి వచ్చాయి. చేతికందింది మాత్రం 15.75 కోట్లు. పది శాతం ఏజెంటు కమిషన్, మిగిలినదాంట్లో 30 శాతం పన్ను పోయాయి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లాటరీ టికెట్ల అమ్మకం నిషేధం. 1998 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఏ రాష్ట్రమైనా బయటి రాష్ట్రాల లాటరీలని తన గడప తొక్కనివ్వకుండా ఆపొచ్చు. బానే ఉంది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో లాటరీ లేదంటే మాత్రం నేనొప్పుకోను. మెట్రో దిగి చైతన్యపురి వైపు నడవండి. ప్రతి రెండో బిల్డింగుకీ ఒక ఫ్లెక్సీ. "మా దగ్గర వీసా వచ్చినవాళ్ళు" అని నవ్వుతున్న మొహాలు. రెండో రకం లాటరీలో మన పిల్లలు ఆడే అతిపెద్ద ఆటకి అదే టికెట్టు కౌంటరు. ఆ ఆట పేరు హెచ్‌1బి.

ఇదేదో వెక్కిరింపు కాదు. అది అధికారికంగానే లాటరీ. ఏడాదికి 85 వేల వీసాలు. అందులో 65 వేలు మామూలు కోటా, 20 వేలు అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి. 2023 మార్చిలో అర్హత ఉన్న రిజిస్ట్రేషన్లు 7,58,994 పడ్డాయి, 1,88,400 ఎంపికయ్యాయి. అంటే 25 శాతం. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీలు చీటీలు వేస్తున్నాయని తేలాక, 2024 నుంచి ఎన్ని చీటీలు పడ్డా మనిషిని ఒక్కసారే లెక్కపెట్టారు. 2025 మార్చికి రిజిస్ట్రేషన్లు 3,43,981కి తగ్గాయి, 1,20,141 ఎంపికయ్యాయి. 35 శాతం. చీటీలు తగ్గితే అవకాశం పెరిగింది. లెక్క లెక్కే.

ఆ తర్వాత ఆటే మారిపోయింది. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం జీతాన్ని బట్టి చీటీలు. నాలుగో మెట్టు జీతమున్నవాడి పేరు డబ్బాలో నాలుగుసార్లు వేస్తారు, మొదటి మెట్టువాడిది ఒక్కసారే. అందరికీ ఒకే చీటీ అయితే 30 శాతం దగ్గర ఉండే అవకాశం, మొదటి మెట్టువాళ్ళకి 15 శాతానికి పడిపోతుందని, నాలుగో మెట్టుకి 61 శాతానికి పెరుగుతుందని ఆ నిబంధన తెచ్చిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే అంచనా వేసింది. చదువైపోయి కొత్తగా ఉద్యోగంలో చేరే మన పిల్లలు ఎక్కువమంది ఉండేది మొదటి రెండు మెట్ల మీదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బాబాయి వల్ల. ఆయనది కోదాడ దగ్గర పల్లె. ఎల్బీనగర్ వచ్చి చాలా ఏళ్ళయింది, వనస్థలిపురంలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. మొత్తం 40 లక్షలు కావాలి. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెద్దామని కాగితాలు సర్దుకుని, ఆ ఆదివారం నన్ను పిలిచాడు.

"ఏరా, నువ్వు కంప్యూటర్లో లెక్కలేస్తావుగా. మనోడికి ఆ లాటరీ తగిలే ఛాన్స్ ఎంతో చెప్పు. ఆ కన్సల్టెన్సీవాళ్ళు మూడుసార్లు ఆడనిస్తారు, ఒక్కసారన్నా రాదా అంటున్నారు."

మూడుసార్లు అన్నది నిజమే. చదువయ్యాక ఒక ఏడాది, సైన్స్, టెక్నాలజీ కోర్సులకి ఇంకో రెండేళ్ళు పనిచేసుకోనిస్తారు. ఆ మూడేళ్ళలో మామూలుగా మూడు డ్రాలు తగులుతాయి. "ఒక్కసారన్నా రాదా" అన్నదానికి జవాబు మాత్రం వేళ్ళమీద దొరకదు. 15 శాతం చొప్పున మూడుసార్లంటే 45 శాతం అనుకుంటాం. అలా కూడకూడదు. రాకపోయే అవకాశాన్ని హెచ్చవేయాలి. ఒకసారి రాకపోవడానికి 0.85. మూడుసార్లూ రాకపోవడానికి 0.85 ఇంటూ 0.85 ఇంటూ 0.85, అంటే 0.61. వచ్చే అవకాశం 39 శాతం. రెండో మెట్టు జీతం దొరికితే ఒక్కోసారికి 31 శాతం దాకా ఉంటుంది, అప్పుడు మూడుసార్లలో ఒకసారన్నా వచ్చే అవకాశం 67 శాతం. అదైనా ప్రతి ముగ్గురిలో ఒకడికి రానట్టే. ఇదంతా ముందు ఉద్యోగం దొరికితేనే. కంపెనీ చీటీ వేస్తే కదా ఆట!

ఇంకోటి. రెండుసార్లు పోయింది కాబట్టి మూడోసారి తప్పకుండా వస్తుందనుకుంటారు చాలామంది. డబ్బాకి జ్ఞాపకశక్తి ఉండదు. రెండుసార్లు పోయినవాడికీ, మొదటిసారి ఆడేవాడికీ అదే 15 శాతం. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేస్తే మనసుకి ధైర్యం వస్తుంది, చేసుకోవచ్చు. ఈఎంఐ లెక్క మాత్రం ఆ ధైర్యంతో వేయకూడదు.

ఇదంతా చెప్తే బాబాయి కాసేపు మాట్లాడలేదు. "అయితే వద్దంటావా?" అన్నాడు. వాడు పక్క గదిలోంచి వింటూనే ఉన్నాడు.

నేను వద్దనలేదు. అనకూడదు కూడా. యూఏఈ టికెట్టుకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ ఓడితే చేతిలో చిత్తుకాగితం మిగులుతుంది. ఇక్కడ ఓడినా డిగ్రీ మిగులుతుంది, ఉద్యోగం దొరికితే మూడేళ్ళ డాలర్ల జీతం మిగులుతుంది. అది చిన్న విషయం కాదు. ఇంకో తేడా కూడా ఉంది, అది మనకి వ్యతిరేకం. యూఏఈ టికెట్టు కొన్నాక ఆ డ్రా నిబంధన మారదు. ఇక్కడ టికెట్టు కొన్నాక ఐదేళ్ళపాటు ఆట సాగుతుంది, మధ్యలో నిబంధనలు మారుతూనే ఉంటాయి. 2025 సెప్టెంబర్లో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుమన్నారు. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్ళకి అది వర్తించదని తేలడానికి నెల పట్టింది. ఆ నెలలో ఎన్ని ఇళ్ళల్లో నిద్రలు లేవో మీకు తెలుసు.

అందుకే బాబాయితో ఒకటే అన్నాను. "గెలిచే ఛాన్స్ ఎంతని అడగకు బాబాయ్. ఓడితే అప్పు ఎవరు, ఎక్కణ్ణుంచి, ఎన్నేళ్ళలో తీరుస్తారో అడుగు."

అది లెక్క వేశాం. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళు. నెలకి 55 వేల పైచిలుకు. వాడు తిరిగొచ్చి ఇక్కడ చేరితే మొదట్లో వచ్చే జీతం దానికి సరిపోదు, బాబాయి పెన్షన్ కలిపినా కష్టమే. అదే 20 లక్షలైతే 27,500. ఇబ్బందే గానీ, ఇల్లు పోదు. వాడే లోపల్నుంచి వచ్చి, ఇంకో యూనివర్సిటీలో కూడా సీటుందని, పేరు చిన్నదనీ, ఊరు చిన్నదనీ, ఖర్చు సగమనీ చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆ పేరు నోటికి తేలేదు. ఫ్రెండ్సందరూ పెద్ద యూనివర్సిటీలకే వెళ్తున్నారట. ఆ ఆగస్టులో అక్కడికే వెళ్ళాడు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. వాడికి వీసా వస్తుందో రాదో నాకు తెలీదు. రావాలనే కోరుకుంటున్నా.

ఫ్లెక్సీల మీద గెలిచినవాళ్ళ ఫోటోలే ఉంటాయి. లాటరీ నడిపేవాడు ఎక్కడైనా చేసే పని అదే. రానివాళ్ళ ఫోటోలు కూడా అదే సైజులో వేయాలంటే చైతన్యపురి నుంచి విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాకా మెట్రో పిల్లర్లు చాలవు. రానివాళ్ళు చెడ్డవాళ్ళూ కాదు, తెలివితక్కువవాళ్ళూ కాదు. డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు వాళ్ళ చీటీ కింద ఉంది, అంతే. ఈ మాట గెలిచినవాళ్ళకి కూడా వర్తిస్తుంది. అమెరికాలో పదేళ్ళ నుంచి ఉండి, ఇక్కడి తమ్ముళ్ళకి "కష్టపడితే అదే వస్తుంది" అని సలహాలిచ్చే మిత్రులు దీన్ని కొంచెం గుర్తుపెట్టుకుంటే మంచిది.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బాబాయో, మేనమామో, తమ్ముడో ఉంటారు. వాళ్ళు కన్సల్టెన్సీ మాట నమ్మేది వేరే ఎవరూ లెక్క చెప్పకపోవడం వల్లే. ఎక్సెల్లో పది నిమిషాల పని. వీసా వస్తే ఎంత, రాకపోతే ఎంత, అసలు ఉద్యోగమే దొరక్కపోతే ఎంత, ఇలా మూడు వరసలు. ఈ మూడో వరస చూశాక కూడా ఇంట్లో అందరూ సరేనంటే హాయిగా పంపండి. సంతకాలు అయ్యాక కాదు, అయ్యేలోపు కూర్చోండి వాళ్ళతో.