సిస్టరమ్మ కోపము

ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంటు బల్లమీదికి వచ్చు ఫిర్యాదులలో, నేను చూచినంతవరకు, మందు దొరకలేదనియు మంచము చాలలేదనియు వ్రాసినవారికంటె "సిస్టరమ్మ కసురుకుంది" అని వ్రాసినవారే ఎక్కువ. ఆ కసరును అధికారులు దుష్ప్రవర్తనముగా నెంచి సంజాయిషీ అడుగుదురు; బంధువులు దయాహీనతగా భావించి పదిమందిలో చెప్పుకొందురు. చిరకాలము వార్డులలో తిరిగినవాడ నగుటచేత నేను మాత్రము దానిని జ్వరమువలె ఒక లక్షణముగా చూచుట కలవాటుపడితిని. లక్షణము కనబడినపుడు కారణమును వెదకుట వైద్యుని ధర్మము గదా.

కాంట్రాక్టుమీద పనిచేయుచుండిన ఒక యువతి, మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ చేయుచు, సెలైను అయిపోయినదని మాటిమాటికి పిలిచిన ఒక వృద్ధునిపై "ఇక్కడ నువ్వొక్కడివే ఉన్నావా?" అని అరచెను. ఆయన కుమారుడు ఫిర్యాదు వ్రాసెను. విచారణ నాకు వచ్చెను. ఆ రాత్రి వార్డులో నలుబదిరెండుగురు రోగులు, నర్సు ఒక్కతె. వారిలో ఒకడు పాముకాటు తిని వచ్చినవాడు. విరుగుడు మందు ఎక్కుచున్నంతసేపు అది వికటించునేమో యని ప్రక్కన నిలిచి కనిపెట్టవలసిన స్థితి. మరియొకనికి చక్కెర పడిపోయి స్పృహ లేదు. తెల్లవారుజామున వేరొక మంచముమీది మనిషి మరణించెను. శవమును మార్చురీకి పంపు కాగితములు పూర్తిచేసిన కొద్ది నిమిషములకే ఆమె ఇంకొకరికి ఇన్సులిను వేసియున్నది. కేస్ షీట్లన్నియు తిరుగవేసితిని. ఒక్క మోతాదు తప్పలేదు. "ఆ తాత మీద నాకేం కోపం లేదు సార్. ఆ టైములో ఎవరు పిలిచినా అట్లాగే అరిచేదాన్ని" అని ఆమె చెప్పినపుడు, నే నడిగిన సంజాయిషీ స్థానమున రోగనిర్ణయమే చేతికి వచ్చినట్లయినది.

బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒకరు, తక్కిన ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు చొప్పున నర్సులుండవలెనని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణము. సెలవుల నిమిత్తము నూటికి ముప్పదిమంది అదనము. ఈ లెక్కను ఎంత సడలించి చూచినను నలుబదిరెండుగురికి ఒకతె యగుట పొసగదు.

సేవావృత్తులలో కలుగు ఇట్టి శోషను, అనగా బర్నౌటును, 1974లో న్యూయార్కు నగరమునందు, ఉచిత వైద్యశాలలలో పనిచేయువారిని చూచి, హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వర్ణించెను. పిదప క్రిస్టినా మాస్లాక్ దానిని మూడు పాయలుగా విడదీసెను: మనస్సు వట్టిపోవుట, ఎదుటివాడు మనిషిగా కనబడకపోవుట, తాను చేసినదానికి విలువ లేదని తోచుట. మన ఫిర్యాదు పుస్తకములన్నియు ఈ రెండవ పాయతో నిండియున్నవి. మొదటిదానిని గూర్చి వ్రాసిపెట్టు పుస్తకము లేదు. అంతకుమున్నే, 1960 ప్రాంతమున, లండనులోని ఒక పెద్ద ఆసుపత్రిని పరిశీలించిన ఇసబెల్ మెంజీస్ అను విదుషి, అచ్చటి నర్సులు రోగిని పేరుతో గాక మంచము సంఖ్యతోను, చెడిన అవయవముతోను పిలుచుట గమనించి, అది వారి కాఠిన్యము కాదనియు, నిత్యము మరణబాధల మధ్య మెలగువారిని ఆ వేదన తాకకుండునట్లు ఆసుపత్రియే అల్లుకొన్న కవచమనియు నిరూపించెను. ఆ కవచము వేదనను ఆపజాలదు సరిగదా, ఒక రోగి కోలుకొన్నపుడు కలుగవలసిన తృప్తిని గూడ లోనికి రానీయదు. "పదకొండో నంబరు లివరు" అని మా వార్డులో విన్నప్పుడెల్ల నాకామె వ్యాసము జ్ఞప్తికి వచ్చును. ఆ మాటను నర్సులకు నేర్పినవారము వైద్యులమే.

ఇక పిల్లల వార్డు హెడ్ నర్సు కథ వేరు. ఆమె ఎవరిమీదను కసరినది కాదు. గుండెదడ యని, రాత్రులు నిద్ర పట్టదని నాయొద్దకు వచ్చెను. ఈసీజీలో దోషము లేదు, థైరాయిడ్ సరిగానే యున్నది. రక్తహీనత కొంత కలదు, దానికి మందు వ్రాసితిని. నిద్రమాత్ర వ్రాయుమని ఆమె యడుగగా, దడ ఎప్పటినుండి యని యడిగితిని. డెంగీ రోజులలో, వారము దినములు తన చేతిలోనే పెరిగినట్లున్న ఒక పాప పోయిన నాటినుండి. "పాప పోతే తల్లి ఏడుస్తుంది. డాక్టరుగారు నాలుగు మాటలు చెప్పి వెళ్తారు. మేం బెడ్‌షీటు మారుస్తాం సార్. బయట ఇంకో పాప ఉంటుంది కదా" అనెను. ఆ పాపను గూర్చి అంతవరకు ఆమెను అడిగినవారు లేరు. ఇంటిలో చెప్పినచో ఉద్యోగము మానుమందురు. వార్డులో చెప్పినచో చిన్న నర్సులు బెదరుదురు.

మందులకంటె ఆమెకు మేలు చేసినవి ఆమె తన వార్డులో తానే తెచ్చిన మార్పులు. నెల ముందుగనే డ్యూటీ చార్టు గోడకు అంటించెను. ఒకరితో నొకరు మార్చుకొను స్వేచ్ఛ నిచ్చెను. ఇండెంట్లు వ్రాయుట, దుప్పట్లు లెక్కించుట మున్నగు పనులు నర్సుల చేతినుండి తీసి ఒక గుమాస్తాకు అప్పగింపించెను. బిడ్డ పోయిన పూట, ఆ బిడ్డను చూచిన నర్సు కాసేపు డ్యూటీ రూములో కూర్చుండి టీ త్రాగవలెను. ఆ సమయమున ఆమె మంచములను వేరొకరు చూడవలెను. మాటలాడవలెనన్న నిర్బంధము లేదు. తరచుగా మాటలాడెడివారే.

ఆ యేడే పైనుండి వచ్చిన ఉత్తరువు ననుసరించి "ఒత్తిడిని జయించుట" అను విషయముపై ఒక ఉపన్యాసము ఏర్పాటయ్యెను. ఉదయపు డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన నర్సులను మధ్యాహ్నము రెండుగంటలకు హాలులో కూర్చుండబెట్టి దీర్ఘశ్వాస తీయుమనిరి. శ్వాసను నేను నిందింపను. కాని అలసట వ్యక్తి హృదయమున పుట్టినదని తలచి, దానికి మందు ఆ హృదయముననే వెదకుట సరికాదని నా యభిప్రాయము. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందము 2002లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, నర్సుకు ఒక్క రోగి అదనమైనచో ఆమె శోషకు లోనగు అవకాశము నూటికి ఇరువదిమూడు వంతులు, శస్త్రచికిత్స చేయించుకొన్నవారు నెలదినములలో మరణించు అవకాశము ఏడు వంతులు పెరుగును. కాలిఫోర్నియా రాష్ట్రము నర్సుకు ఎందరు రోగులుండవచ్చునను సంఖ్యను నర్సుల దయాదాక్షిణ్యములకు వదలక, 1999లో శాసనము చేసి 2004 నుండి అమలుపరచెను.

మనోవ్యాధి నిజముగా సోకినవారు లేకపోలేదు. చావవలెననిపించుచున్నదని చెప్పినవారిని ఆనాడే మానసిక వైద్యునికి చూపవలెను. ఆ విషయము ఆసుపత్రిలో పొక్కకుండ చూడవలెను.

పిల్లల వార్డు గుమాస్తాను ఎన్నికల పనికి తీసికొనిపోయి మరల పంపలేదు. ఇండెంట్లు నర్సుల చేతికే వచ్చెను. టీ త్రాగు వేళ కరగిపోయెను. కొలదికాలమునకే ఆ వార్డునుండి మొదటి ఫిర్యాదు వచ్చినది. అందుచేత విచారణ పత్రమునందు ఒక గడి చేర్పించితిని: ఫిర్యాదు కలిగిన గంటలో ఆ నర్సు చేతిక్రింద ఎందరు రోగులుండిరి? విచారణాధికారులు మొదట దానిని ఖాళీగా వదలెడివారు. అట్టివానిని త్రిప్పి పంపుచు వచ్చితిమి. ఆ సంఖ్యలను జతపరచి అదనపు పోస్టులకై పంపిన దస్త్రము ఒక కొర్రీతో వెనుకకు వచ్చినది: రోగుల సంఖ్యకును నర్సుల మర్యాదకును సంబంధమేమి? సమాధానము వ్రాసి మరల పంపితిమి.