అశ్వహృదయం

పందెపు గుర్రాల శాలల్లో, లేతగుర్రానికి తొలిసారి జీను వేసి రౌతును ఎక్కించే పనిని ఇంగ్లీషువారు విడిచిపోయిన మాటతో నేటికీ 'బ్రేకింగ్' అంటారు. విరవడం అని దాని అర్థం. మాట కఠినమైనదే గాని, పుణెలో నేను పనిచేసిన శాలలోని సైసులు కఠినాత్ములు కారు. రాత్రివేళ గుర్రానికి కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా దానిని మెల్లగా నడిపిస్తూ మేలుకొని ఉండేవారు. అటువంటివారే, కళ్లెం పట్టనివ్వని పిల్ల పైపెదవికి తాడు మెలిపెట్టి బిగించేవారు. వ్యవధి లేకపోవడమే దానికి కారణం.

ఆ తొందరకు మూలం పంచాంగంలోనే ఉన్నది. మన దేశంలో పందెపు గుర్రాలన్నిటి వయస్సునూ జనవరి 1 నుంచే లెక్కిస్తారు. ఏప్రిల్‌లో పుట్టిన పిల్లకు ఇరవై నెలలు నిండేసరికే రెండేళ్ల గుర్రమన్న పేరు వస్తుంది. దాని ముంగాలి మోకాటిపై ఎముక పెరుగుదల ముగియడానికి రెండున్నరేళ్లు కావస్తుందని పశువైద్యులు చెబుతారు. యజమాని మాత్రం గడ్డికీ, దాణాకూ, జీతాలకూ నెలనెలా చెల్లిస్తూ, అది ఎప్పుడు పరుగెడుతుందని అడుగుతాడు. అడగడం అతని తప్పని నేను అనను.

అమెరికాలో టామ్ డోరెన్స్, రే హంట్ అనేవారు ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో వేరొక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. దానిని సహజాశ్వశిక్షణ అనవచ్చు. కాలిఫోర్నియావాడైన మాంటీ రాబర్ట్స్‌ను 1989లో రెండవ ఎలిజబెత్ రాణి విండ్సరుకు పిలిపించి ఆయన పనిని చూచిన తరువాత, ఇటువంటి శిక్షణకు లోకంలో పేరు వచ్చింది. సూత్రం చిన్నదే. గుర్రం వేటకు గురయ్యే జంతువు. పారిపోవడమే దాని ఆత్మరక్షణ. పగ్గాన్ని లాగినంతసేపూ అది నేర్చేది ఏమీ ఉండదు. లాగిన పగ్గం ఏ క్షణాన వదులవుతుందో ఆ క్షణాన నేర్చుకుంటుంది. కాబట్టి అది ఒక్క అడుగు మనవైపు వేసిన వెంటనే చేయి సడలించాలి. కొద్ది క్షణాలు ఆలస్యమైతే పాఠమే మారిపోతుంది: తల ఎగరవేసినందుకే తాడు వదులైనదని అది గ్రహిస్తుంది. చెప్పడానికి ఇది తేలిక. అరచేతికి ఆ నేర్పు అబ్బడానికి ఏళ్లు పడుతుంది.

ఇదంతా కొత్తదని మురిసిపోనక్కరలేదు. కోపంతో గుర్రం దగ్గరకు పోరాదని గ్రీకు దేశపు క్సెనొఫోన్ క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే వ్రాశాడు. జాన్ రేరీ అనే అమెరికావాడు 1858లో ఇంగ్లండులో క్రూయిజర్ అనే భయంకరమైన పందెపు మగగుర్రాన్ని మచ్చిక చేసి చూపాడు. (అతడు ముంగాలిని తోలుపట్టెతో మడిచి కట్టేవాడు గనుక, అతని సౌమ్యతను నేను పూర్తి సౌమ్యతగా లెక్కపెట్టను.) మన నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు బాహుకుని వద్ద కోరి పొందిన విద్య పేరే అశ్వహృదయం. బాహుకుడు ఎంచుకున్న బక్కగుర్రాలను చూచి రాజు మొదట ఆక్షేపించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

మా శాలలో ఈ పద్ధతికి పరీక్ష ఎదురైనది పందెం ఆరంభించే గేటు దగ్గర. మూడేళ్ల ఎర్రని ఆడుగుర్రమొకటి ఆ ఇనుప అరలోకి అడుగు పెట్టేది కాదు. గుర్రానికి కన్నులు తలకు ఇరుప్రక్కలా ఉండడం వలన దాదాపు చుట్టూ కనిపిస్తుంది. నుదుటికి ఎదురుగానూ, తోక వెనుకనూ మాత్రం చూపు ఆనదు. ఆ ఇరుకు అరలో ఇనుము డొక్కలకు తగులుతుంది, ముందు తలుపు మూసి ఉంటుంది, మనుషులు కంటికి ఆనని వెనుకవైపు నుంచే నెడతారు. అది లోపలికి పోకపోవడం కంటె మిగిలినవి పోవడమే నాకు వింతగా తోచేది. నెలాఖరులోగా గేటు పరీక్ష నెగ్గకపోతే దానిని అమ్మివేయాలని నిశ్చయమైంది. పందెంలో దిగని గుర్రాన్ని కొనేవాడు ఎటువంటివాడో, తరువాత దాని గతి ఏమిటో ఎవరూ విచారించరు.

జర్మనీలో లోమితాస్ అనే గుర్రం 1991లో ఇలాగే గేటు దగ్గర మొండికేస్తే, రాబర్ట్స్ వెళ్లి దానికి భయం పోగొట్టాడనీ, ఆ ఏడాది ఆ దేశపు ఉత్తమాశ్వమన్న గౌరవం దానికే దక్కినదనీ చదివి ఉన్నాను. ఆ ధైర్యంతో మూడు వారాలు గడువు అడిగి తీసుకున్నాను. ముందు, వెనుక తలుపులు తెరిపించి, పగ్గం వదులుగా పట్టుకొని, గేటుకు ఇరవై అడుగుల దూరంలో ఊరక నిలబడడంతోనే మొదటి నాలుగు రోజులు గడిచాయి. అది చెవులు ముందుకు నిక్కించి గేటువైపు చూస్తే చాలు, తిప్పి శాలకు తీసుకుపోయేవాడిని. ఆరవనాడు తానై ఒక అడుగు వేసింది. పదునాలుగవనాడు గేటు గుండా నడిచి, అవతలకు పోయి గడ్డి మేసింది. తలుపుల చప్పుడు అలవాటు కావడానికి మిగిలిన వారమంతా పట్టింది. పరీక్ష నెగ్గింది, తొలి పందెంలో నాలుగవదిగా వచ్చింది.

ఇంతమాత్రాన అది నన్ను ప్రేమించిందని చెప్పుకోను. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, దొడ్డిలో మనిషికి బదులు దూరం నుంచి నడిపే బొమ్మకారును పెట్టినా గుర్రాల చేత ఇటువంటి ప్రవర్తననే రాబట్టవచ్చునని చూపారు. స్నేహమనీ, నాయకత్వమనీ ప్రచారకులు చెప్పే మాటలకు ఆ బొమ్మ తగిన సమాధానమే. గుర్రం భయపడకుండా నిలబడితే నాకు చాలును.

అసలు చిక్కు వేరొకటి ఉన్నది. మా వృద్ధ సైసు అంతా చూచి, "సాహెబ్, ఒకదానికి మూడు వారాలు ఇచ్చారు. మిగతా పదహారింటికి ఎవరిస్తారు?" అన్నాడు. నేను తడుముకుంటూ ఉండగా, ఆయనే వారం తిరగకుండా ఒక మూల పడివున్న పాత గేటును శాలకూ పచ్చికదొడ్డికీ నడుమ దారిలో నిలబెట్టించాడు. ఏడాది పిల్లలు ఉదయం మేతకు పోయేటప్పుడూ, సాయంకాలం తిరిగి వచ్చేటప్పుడూ దాని గుండానే నడవాలి. మొదటిరోజు ఒక ముసలిగుర్రాన్ని ముందు నడిపించాడు. పిల్లలు దాని వెంట వచ్చాయి. పది రోజుల తరువాత ఒక తలుపును ఓరగా మూశాడు. ఎవరి పనీ ఆగలేదు. వానలు పడినాక ఆ గేటు కింద పచ్చిక మొలిచింది. పిల్లలు లోపలే ఆగిపోయి మేస్తూ ఉంటే, వాటిని అదిలించి బయటికి తోలడం ఆ ఏడు సైసులకు కొత్తపని అయింది.