ఒకే విమానం, రెండు లెక్కలు

ముంబై నుంచి న్యూజెర్సీలోని నెవార్క్‌కు ఆకాశమార్గాన సుమారు 7,800 మైళ్ళు. 2016లో నేను యునైటెడ్ విమానంలో వెళ్ళినప్పుడు పక్క సీట్లో ఎడిసన్‌లో స్థిరపడిన తెలుగాయన కూర్చున్నారు. మాటల్లో సిల్వర్ హోదా ప్రస్తావన వచ్చింది.

ఏడాదిలో రెండుసార్లు ఈ దారిన వెళ్ళివస్తే 31,000 మైళ్ళు దాటుతాయి. అప్పట్లో సిల్వర్‌కు 25,000 మైళ్ళు చాలు. అయితే అది ముంబై చిరునామా ఉన్న నాకు. అమెరికా చిరునామా ఉన్న ఆయన పన్నులు పోను 3,000 డాలర్ల టికెట్ ఖర్చు కూడా చూపాలి. 2014లో మొదలైన షరతు అది. డెల్టా వారూ ఆ ఏడాదే ఇలాంటిది పెట్టారు. సంస్థ పేరున్న క్రెడిట్ కార్డుపై ఏడాదికి 25,000 డాలర్లు వాడితే షరతు మాఫీ! బ్యాంకువాణ్ణి కనుక మర్మం అక్కడే తెలిసింది. ఆ కార్డు అమెరికాలో ఉండేవారికే ఇస్తారు.

2020 నుంచి యునైటెడ్ మైళ్ళ లెక్క తీసేసి ఖర్చునూ, ఎక్కిన విమానాల సంఖ్యనూ చూస్తోంది. చిరునామా మినహాయింపు పోయింది.

మా తాతగారు కరీంనగర్ నుంచి బొంబాయి మిల్లుకు వచ్చారు. మూడు తరాలైనా ఊరేదంటే రెండు పేర్లు చెబుతాం. ఫారంలో మాత్రం ఒక్క గడే. సభ్యత్వం తీసుకునేముందు నివాస దేశం నిబంధన చదవండి. రాయితీ కోసం బంధువుల చిరునామా కాక, ఉంటున్న ఊరే రాయండి.