దెయ్యానికీ ఒక అద్దె గది

దెయ్యం సినిమా ఫోన్‌లో ఒంటరిగా చూస్తే సగమే చూసినట్టు. దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట, సెకండ్ షోకి, హాస్టల్ కుర్రాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని చూడాలి. హీరో చీకటి గదిలో అడుగు పెట్టబోతాడు. వెనక వరసలోంచి ఒకడు "అరే, పోకురా లోపలికి!" అని అరుస్తాడు. ముందు వరసవాడు తల తిప్పకుండానే "పోకుంటే సినిమా ఎట్ల నడుస్తదిరా" అంటాడు. హాలంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు పూర్తి కాకముందే తెరమీద తలుపు ధడాలున పడుతుంది. అంతవరకూ పెద్దగా నవ్వినవాడే పక్కవాడి మోచెయ్యి పట్టుకుంటాడు. పట్టుకున్నవాడికి ఆ పక్కవాడెవడో తెలియదు కూడా.

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చే బస్సులకు నగరం మొదలయ్యేది ఎల్బీనగర్ దగ్గరే. చదువుకో, గ్రూప్స్ కోచింగ్‌కో, సాఫ్ట్‌వేర్ కోర్సుకో వచ్చిన పిల్లలు అక్కడ దిగి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో సర్దుకుంటారు. ఒక గదిలో నాలుగు మంచాలు, కిటికీకీ మేకుకీ మధ్య కట్టిన తాడు మీద ఆరని బనియన్లు, దిండు పక్కన అంచులు నలిగిన బిట్ బ్యాంక్. నోటిఫికేషన్ పడదు. పడితే వాయిదా. ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఏమాయె బిడ్డా?" అన్న ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నకు జడిసినట్టు వాళ్లు ఏ దెయ్యానికీ జడవరు. వాళ్లకు ఈ సినిమాలు ఎందుకంత దగ్గరయ్యాయో అర్థం కావాలంటే ముందు ఆ గది చూడాలి.

2013 జూన్ 7న 'ప్రేమకథా చిత్రమ్' వచ్చింది. మారుతి కథ, జె. ప్రభాకర్ రెడ్డి దర్శకత్వం. బతుకు మీద విరక్తి పుట్టిన కుర్రాళ్లు, ఒక అమ్మాయి కలిసి చనిపోదామని ఊరికి దూరంగా ఒక ఫామ్‌హౌస్‌కి వెళ్తారు. అక్కడ అమ్మాయిని దెయ్యం ఆవహిస్తుంది. అంతే, చావడానికి వచ్చినవాళ్లంతా ప్రాణం అరచేత పట్టుకుని పరుగు! ఇంత మంచి ఊహ పెద్ద బడ్జెట్ సినిమాల్లో నాకు అరుదుగా దొరికింది. చావాలనుకున్నవాడికి బతుకు మీద తీపి పుట్టించే పని దెయ్యం చేతిలో పెట్టారు. నందిత ఒక క్షణం గుడ్లురిమి చెంప ఛెళ్లుమనిపిస్తుంది, మరుక్షణం ఏమీ ఎరగని పిల్లలా చూస్తుంది. సుధీర్ బాబు, ప్రవీణ్, సప్తగిరి ఆ రెండు ముఖాల మధ్య నలిగిపోతారు.

అదే ఏడాది ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల చుట్టుపక్కల, బస్టాప్ దగ్గర, టిఫిన్ సెంటర్ దగ్గర బాంబులు పేలాయి. 18 మంది పోయారు. పుస్తకాల సంచితో బస్సు కోసం నిలబడ్డవాళ్లు, టీ తాగడానికి ఆగినవాళ్లు. ఆ పేలుళ్లకూ ఈ సినిమాకూ నేను ముడిపెట్టను. కానీ అసలైన భయం ఎలా ఉంటుందో తెలిసిన పేట అది. అలాంటి చోట జనం మళ్లీ టికెట్లు కొనుక్కుని, చీకట్లో పక్కపక్కన కూర్చుని, భయపడి, నవ్వారు. దాన్ని చిన్న విషయంగా చూడలేను.

ఈ నవ్వు చవకబారుదని అనేవాళ్లున్నారు. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. దెయ్యం పట్టిందని ఆడపిల్లను వేపమండలతో బాదడం చూసి పెరిగినవాళ్లు ఈ హాస్టళ్లలో ఉన్నారు. తెరమీద దెయ్యం పట్టిన అమ్మాయే మగాళ్లను వరసపెట్టి వాయిస్తుంటే వాళ్లు విరగబడి నవ్వుతారు. చిన్నప్పుడు ఎక్కిన భయం అలాగే వదులుతుంది. ఏ ఉపన్యాసమూ అంత పని చెయ్యదు.

ఇక డబ్బు సంగతి. మారుతి 2012లో 'ఈ రోజుల్లో' తీసినప్పుడు ఫొటోలు తీసే కెనాన్ 5డి కెమెరాతోనే సినిమా లాగించేశారు. దానికి ఛాయాగ్రహణం ఈ ప్రభాకర్ రెడ్డే. ఆ తెగింపు దెయ్యానికి అచ్చంగా సరిపోయింది. ఒక ఇల్లు, అయిదుగురు నటులు, రాత్రి. చీకటికి సెట్ వెయ్యక్కర్లేదు. ఖర్చు పెట్టాల్సింది శబ్దం మీద. రామ్‌గోపాల్ వర్మ 1992లో 'రాత్రి'తో ఆ పాఠం చెప్పారు, నవ్వుకి మాత్రం చోటివ్వలేదు.

తర్వాత వచ్చినవి చూస్తే ఒక సంగతి తోస్తుంది. దెయ్యం మెల్లగా ఇంటికి దగ్గరవుతోంది. 2014లో 'గీతాంజలి'లో దర్శకుడవుదామని వచ్చినవాడి ఫ్లాట్‌లో కనిపించింది. 2017లో 'ఆనందో బ్రహ్మ' కథనే తిరగేసింది: ఇల్లు దెయ్యాలది, వచ్చిన నలుగురు మనుషులే వాటికి బెడద. ఆ కథ తమిళులకూ నచ్చి 'పెట్రోమాక్స్'గా తీసుకున్నారు. 2025లో సమంత నిర్మించిన 'శుభం'లో భీమిలి ఇళ్లలో తొమ్మిదయ్యేసరికి టీవీ సీరియల్ ముందే పెళ్లాలకు పూనకం. వీటి మధ్యలో వచ్చిన వాటిల్లో చాలావరకు పాత బంగళా, మంత్రగాడు, చివరి అరగంటలో హత్య ఫ్లాష్‌బ్యాక్. నవ్వు అక్కడితో చచ్చిపోతుంది, భయమూ మిగలదు.

బతికిన సినిమాల్లో దెయ్యానికి ఒక గోడు ఉంటుంది. మన బేతాళుడి నుంచీ అంతే, అది నోరు విప్పుతుంది, మనిషి వినాలి. ఫామ్‌హౌస్‌లో ఏముంది వినడానికి? మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్తూ కిందకి చూడండి. మేడ మీద మేడగా హాస్టళ్లు, కోచింగ్ బోర్డులు. ఆ గదుల్లో ఎవరో ఒకరు పరీక్ష రాయకుండానే పోయి ఉంటారు, ఎవరికో ఇంకా హాల్‌టికెట్ కావాలి. నాలుగో మంచం ఎప్పుడూ ఖాళీగా ఎందుకుంటుందో చెప్పకుండా అద్దె తగ్గించే ఓనరు, అర్ధరాత్రి జవాబులు చెప్పే బిట్ బ్యాంక్. ఇంతకంటే కథ ఏం కావాలి? 'శుభం' బంగళా అడగలేదు, ఇంటి హాలుతో సరిపెట్టుకుంది, బాగుంది. షార్ట్‌ఫిల్ములు తీస్తున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి ఫామ్‌హౌస్ బుక్ చెయ్యకండి. చైతన్యపురిలో ఒక గది అద్దెకు తీసుకోండి. కథ మాత్రం నిజంగా రాయండి, మేం చూస్తాం.