నవ్వుకీ ఓ మట్టం ఉండాలి

కట్టుబడి జరుగుతున్న చోట ఎప్పుడైనా ఓ పావుగంట నిలబడి చూడండి. మిల్లరు రొద, ఇటుకల చప్పుడు, సెంట్రింగ్ రేకుల మోత... వీటన్నిటి మధ్యా మీకు తెరలు తెరలుగా నవ్వులు వినిపిస్తాయి. పరంజా మీదనుంచి మేస్త్రీ ఓ మాట విసురుతాడు. కిందనున్న కూలీ దానికో తోక తగిలిస్తాడు. తట్ట ఎత్తుకుని పోతున్న ఆడకూతురు ఇద్దరికీ కలిపి ఓ చురక అంటిస్తుంది. ఇరవైమంది ఒక్కసారిగా గొల్లుమంటారు. నడినెత్తిన ఎండ, తలమీద బరువు ఉన్నవాళ్లకి ఆ నవ్వే చల్లటి మజ్జిగ.

ఇంకాసేపు నిలబడితే మరో సంగతీ గమనిస్తారు. అక్కడ చాలామందికి పేర్లుండవు. పొట్టోడు, నల్లోడు, బక్కోడు, నత్తోడు, ఒడియావోడు... ఇవే పిలుపులు. అందరూ నవ్వుతున్నప్పుడు ఆ పిలుపు ఎవరిదో వాళ్ల ముఖం చూడండి. వాళ్లూ నవ్వుతున్నట్టే ఉంటారు. కళ్లు మాత్రం నవ్వవు.

నేను ఈ నవ్వుల మధ్యే ముప్ఫై ఏళ్లుగా తాపీ పట్టుకుని బతుకుతున్నాను. 1996లో శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. మా మావయ్య వెంట హెల్పర్‌గా చేరాను. నోరు తెరిస్తే 'ఏటి', 'నాను' అనేవాణ్ని. ఇంకేముంది, సైటు మొత్తానికి కాలక్షేపం దొరికింది!

రెండోరోజే మేస్త్రీ పిలిచి, "ఒరేయ్, రసమట్టంలో రసం అయిపోయింది. పక్క సైటుకెళ్లి గిన్నెడు పట్టుకురా" అన్నాడు. గిన్నె పట్టుకుని పరుగెత్తాను. అక్కడో పాలమూరు పెద్దాయన గోడ కడుతున్నాడు. విషయం విని ఆయన నవ్వలేదు. కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, తన రసమట్టం నా చేతిలో పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ రెండు గీతల మధ్య నిలిస్తేనే వరస మట్టంగా ఉన్నట్టని చూపించాడు. తర్వాత, "పో బిడ్డా, రసమైతే లేదంట, చారున్నదంట, సరిపోతదా అని అడుగు" అన్నాడు. నేను వచ్చి అదేమాట అన్నాను. మేస్త్రీ తాపీ కిందపడేసి మరీ నవ్వాడు. ఆ రోజునుంచి నేను వాళ్లలో ఒకణ్ని అయిపోయాను.

ఇలాంటి పరాచికం ఎవరికీ చేటు చెయ్యదు. కొత్తవాడు ఎలాంటివాడో చూసుకోవడానికి పాతవాళ్లు వేసే చిన్న పరీక్ష. ఒక్కసారి నవ్వేస్తే అయిపోతుంది. ఎత్తులమీద, బరువులకింద పనిచేసేవాళ్లకి పక్కవాడి స్వభావం తెలియడం అవసరం కూడా.

కానీ అన్ని నవ్వులూ ఇలాంటివి కావు. మరో సైటులో క్యారియర్ దాచేసి, మధ్యాహ్నం ఆకలితో వెతుక్కుంటుంటే చూసి నవ్వేవాళ్లు. చెప్పుల్లో తడి సిమెంటు పోసేవాళ్లు. తడి సిమెంటులోని క్షారం చర్మాన్ని కాల్చేస్తుంది. సాయంత్రం దాకా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. పరంజా మీద నిలబడ్డవాడి కాళ్లు వణుకుతుంటే కిందనుంచి కర్ర పట్టుకుని ఊపేవాళ్లు. 'ఏదో సరదాకి' అనేవాళ్లు. మూడో అంతస్తునుంచి జారితే సరదా ఎవరికి?

సరదాకీ వేధింపుకీ తేడా ఎలా పట్టుకోవాలి? నాకు తెలిసింది ఇంతే. ఆ మాటకి తిరిగి మాట అనే వీలు నాకుందా? ఉంటే అది పరాచికం. మేస్త్రీ నన్ను అనొచ్చు, నేను మేస్త్రీని అంటే మర్నాడు పని ఉండదనుకుంటే అది పరాచికం కాదు. రెండోది, వాళ్లు నవ్వుతున్నది దేన్ని చూసి? నేను కట్టిన వంకర గోడని చూసి నవ్వితే రేపు నిటారుగా కట్టి నోరు మూయించగలను. నా రంగు, నా యాస, నా కులం, మా అమ్మ... వీటిని రేపు నేనేం మార్చుకోగలను? మూడోది, ఎన్నాళ్లు? మొదటి వారం సరే. ఆరునెలలకీ అదే మనిషి, అదే మాట అయితే దాన్ని వేధింపనే అనాలి.

'ఇవన్నీ పట్టించుకుంటే ఈ పనిలో బతకలేం' అంటారు మావాళ్లు. పట్టించుకోకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఓ స్లాబు రోజు. స్లాబంటే తెలుసుగా, ఐదంగుళాల మందంలో అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కే దాదాపు 30 కిలోలుంటుంది. వెయ్యి చదరపు అడుగులంటే 30 టన్నుల పచ్చి బరువు. అది గట్టిపడేదాకా మొత్తం కిందనున్న ఊతకర్రల మీదే. ఆ రోజు కింద గంజాం జిల్లా కుర్రాడొకడు ఉన్నాడు. ఓ మూల కర్ర కింద మట్టి కుంగడం వాడి కంటపడింది. వాడు నోరు తెరవలేదు. తెరిచిన ప్రతిసారీ వాడి తెలుగుని వెక్కిరించేవాళ్లు మరి! ముందురోజు 'ఇసుకలో మట్టి ఎక్కువుంది' అన్నందుకు, 'వచ్చాడండీ ఇంజినీరు' అని రోజంతా ఆడుకున్నారు. వాడు కర్రవైపూ పైకీ చూస్తూ నిలబడిపోయాడు. తట్ట నింపుకోవడానికి వచ్చిన ఓ పెద్దావిడ వాడి ముఖం చూసి, వాడి చూపు వెంటే చూసి కేక పెట్టింది. పని ఆపి, కర్ర కింద చెక్క వేసి, పక్కన మరో రెండు నిలబెట్టాం. అరగంటలో మళ్లీ మొదలైంది. ఆవిడ ఆ క్షణంలో అటు రాకపోతే...

అందుకే చెబుతున్నాను. ఎగతాళికి జడిసినవాడు తెలియనిది అడగడు, చూసింది చెప్పడు. కట్టుబడి పనిలో ఆ మౌనం ప్రాణాలమీదికి తెస్తుంది.

అసలీ దురుసుతనం ఎక్కడినుంచి వస్తుంది? మేస్త్రీలందరూ చెడ్డవాళ్లని కాదు. తిట్టు మెట్లు దిగుతుంది. ఇంటాయన బిల్డర్ని నిలదీస్తాడు. బిల్డరు కాంట్రాక్టరు మీద అరుస్తాడు. ఆయన మేస్త్రీ మీద, మేస్త్రీ హెల్పరు మీద. హెల్పరుకి తనకంటే కింద ఎవరున్నారా అని చూస్తే భాష రాని కొత్తవాడో, ఆడకూలీయో కనబడతారు. దీనికితోడు అడ్వాన్సు. ఊళ్లో పెళ్లికో, వైద్యానికో ముందే డబ్బు తీసుకుని వచ్చినవాడు ఎంత మాటన్నా వదిలి వెళ్లలేడు. ఎవడు వెళ్లలేడో తెలిసినప్పుడే నోరు ఎక్కువ లేస్తుంది.

మరి ఇందులో నెగ్గుకురావడం ఎలా? ఈ పనిలో కొత్తగా చేరే కుర్రాళ్లకి నేను చెప్పేవి కొన్నున్నాయి.

మొదటి వారం ప్రతి మాటకీ ఉలిక్కిపడొద్దు. నవ్వాల్సినచోట నవ్వెయ్. నొప్పించిన మాట రెండోసారి వస్తే మాత్రం ఊరుకోవద్దు. నలుగురి ముందు తగువు పెట్టుకుంటే అవతలివాడు పంతానికి పోతాడు. టీ దగ్గర ఒంటరిగా పట్టుకుని, "అన్నా, పని గురించి ఎంతైనా అను, పడతాను. మా ఇంట్లోవాళ్ల గురించి అనొద్దు" అని నెమ్మదిగా చెప్పు. సగం మంది అక్కడే తగ్గుతారు. నిజానికి, తమ మాట అంత గుచ్చుకుందని వాళ్లకీ తెలియదు.

తగ్గకపోతే ఒక్కడివీ ఉండొద్దు. ప్రతి సైటులోనూ ఆ పాలమూరు పెద్దాయనలాంటి వాళ్లు ఒకరిద్దరుంటారు. వాళ్ల పక్కన చేరు. వాళ్ల దగ్గర పని నేర్చుకో. తూకంగుండు వేసి గోడ నిలబెట్టడం వచ్చినవాడిని అనడానికి నోళ్లు కొంచెం ఆలోచిస్తాయి.

చిన్న పుస్తకం ఒకటి జేబులో పెట్టుకో. ఏ రోజు పనికొచ్చావు, ఎంత అడ్వాన్సు తీసుకున్నావు, ఎంత చెల్లింది, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు... తేదీతో సహా రాసుకో. లెక్క నీ దగ్గరుంటే భయం సగం పోతుంది. పరంజా ఊపడం, చెయ్యి చేసుకోవడం లాంటివి జరిగితే అవతలివాడికి నచ్చజెప్పే పని పెట్టుకోవద్దు. అదేరోజు మేస్త్రీకీ, సైటు ఇంజినీరుకీ చెప్పాలి. అప్పటికీ మారకపోతే ముఠా మారిపో. పని చేతిలో ఉంది. అడ్డా మీద నిలబడితే మరో మేస్త్రీ పిలుస్తాడు. మారడం ఓడిపోవడం కాదు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. అదే ఎండలో అదే బరువు మోసినా వాళ్లకి కూలి తక్కువ, మాటలు ఎక్కువ. రెండర్థాల మాటలు అనడం, చీర సర్దుకుంటుంటే పాట అందుకోవడం మామూలు. అందుకే వాళ్లు నలుగురైదుగురు కలిసి వస్తారు, కలిసే వెళతారు. ముఠాలో ఓ నోరున్న పెద్దావిడ తప్పకుండా ఉంటుంది. ఆవిడ చీపురుకట్ట తిరగేస్తే ఎంతటివాడైనా గప్‌చిప్. కానీ రక్షణ మొత్తం ఆవిడ నోటిమీదే ఆధారపడటం ఏం న్యాయం?

చట్టాలు లేకపోలేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం కట్టుబడి కూలీలకీ వర్తిస్తుంది. పదిమందికంటే తక్కువ పనిచేసే చోట, లేదా యజమానిమీదే ఫిర్యాదు ఉన్నప్పుడు, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి మూడునెలల్లోగా రాసివ్వొచ్చు. 181 నంబరు మహిళలకోసమే ఉంది. దళితుల్ని, గిరిజనుల్ని నలుగురి ఎదుట కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. 'ఊరికే అన్నాను' అంటే చెల్లదు.

నేను పనిలో చేరిన 1996లోనే భవన నిర్మాణ కార్మికులకోసం కేంద్రం ఓ చట్టం చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో అది కలిసిపోయింది. సంక్షేమ బోర్డులో నమోదు పద్ధతి మాత్రం ఉంది. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు రాయించుకోవచ్చు. ఆ కార్డు ఎగతాళిని ఆపదు. కానీ ప్రమాదం జరిగితే ఆదుకుంటుంది. అంతకుముందు, నువ్వు ఫలానా అని ఓ కాగితం మీద నీ పేరు ఉంటుంది. 'పొట్టోడు' అని ఏ కార్డులోనూ రాయరుగా!

ఈ బాధ కూలీలకే పరిమితం అనుకోకండి. సివిల్ డిప్లొమా చేసి మొదటిసారి సైటుకి వచ్చే మీ అబ్బాయికీ, అమ్మాయికీ ఇది తప్పదు. 'పుస్తకాల ఇంజినీరు' అని పేరు పెడతారు. ఈమధ్య ఫోన్లొచ్చాక, తడబడినప్పుడు వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం మరో ముచ్చట. సైటునుంచి వచ్చిన పిల్లలు అన్నం సగంలో లేచిపోతున్నా, పొద్దున్నే పనికి వెళ్లడానికి కాళ్లీడుస్తున్నా, 'మగాడివి, ఆమాత్రం పడలేవా' అనొద్దు. కూర్చోబెట్టి అడగండి. మనసు మరీ కుంగిపోయినట్టు అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలిమానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లకీ ఓ మాట. తప్పు కనిపిస్తే మేస్త్రీని పక్కకి పిలిచి అడగండి. అతని ముఠా ముందు పరువు తీశారంటే ఆ కోపం మెట్లు దిగి ఎవరిమీద పడుతుందో ఇప్పుడు మీకు తెలుసు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి నాలుగు రేకులు అడ్డం పెట్టించండి. స్లాబు రోజు వేటమాంసంతో భోజనాలు పెట్టే ఇళ్లు ఎన్నో చూశాను. బాగా గుర్తుండిపోయింది మాత్రం ఓ పెద్దావిడ. వడ్డిస్తూ వడ్డిస్తూ ఒక్కొక్కరినీ పేరడిగింది.

ఇప్పుడు నా కింద పదిహేనుమంది పనిచేస్తారు. బీహార్‌వాళ్లున్నారు, ఒడిశావాళ్లున్నారు, మా శ్రీకాకుళంవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే హాజరుపట్టీ తీసి ఎవరి పేరు వాళ్లని అడిగి రాసుకుంటాను. సాయంత్రం దాకా ఆ పేరుతోనే పిలుస్తాను. పరంజా మీద ఎవరున్నా కింద కర్ర ముట్టుకోవడానికి వీల్లేదు. తెలియక అడిగినవాణ్ని చూసి ఎవరూ నవ్వకూడదు. ఈ రెండూ తప్పితే మా సైటులో ఆంక్షల్లేవు. పనీ సాగుతుంది, నవ్వులూ సాగుతాయి. నామీద కూడా జోకులు వేస్తారు. వెయ్యనీండి, తిరిగి వెయ్యడం నాకూ వచ్చు.